ఒక డాలరు ముప్ఫై తొమ్మిది సెంట్లు

రాబడి 29,726 డాలర్ల 26 సెంట్లు. ఖర్చు 29,724 డాలర్ల 87 సెంట్లు. మిగులు 1 డాలరు 39 సెంట్లు.

ఇది ఏ బడ్డీకొట్టు లెక్కో కాదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఒక బేస్‌బాల్ క్లబ్బు 1869వ సంవత్సరపు ఆటలు ముగిశాక తేల్చుకున్న పద్దు. ఆ ఏడాది ఆ క్లబ్బు జట్టు దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగింది. ఒక్కచోట కూడా ఓడలేదు. బ్యాంకులో చేరిన నాటి నుంచి ఎందరో వ్యాపారుల బ్యాలెన్సు షీట్లు నా బల్ల మీదుగా వెళ్ళాయి. ఇంత గొప్ప గెలుపుకి ఇంత చిన్న లాభం చూపించిన పద్దు మాత్రం నాకు మరొకటి తగల్లేదు.

బేస్‌బాల్‌కీ మన కోవిల్‌పట్టికీ ఏమిటి సంబంధమని చదువరులు అడగవచ్చు. కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి, ఆ తరువాత హాకీ. మన పిల్లలు నడక నేర్చిన కొత్తలోనే ఒక వంకర కర్ర పట్టుకుంటారు. ఊళ్ళో సింథటిక్ మైదానం ఉంది, ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఉంది, లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలు జరుగుతాయి. 2022లో జకార్తాలో ఆసియా కప్పు ఆడిన భారత జట్టులో మన మారీశ్వరన్ శక్తివేల్ ఉన్నాడు. అతనితో పాటు ఇక్కడే శిక్షణ పొందిన అరియలూరు కుర్రవాడు కార్తి కూడా ఉన్నాడు. ఆ జట్టు కాంస్యం తెచ్చినప్పుడు మన వీధుల్లో జనం పంచుకున్న సంతోషం మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఆ సంతోషం వెనుకే ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న ఉంటుంది. మా ఇంట్లో ఈ ఏడాదే వచ్చింది. మా తమ్ముడు కోవిల్‌పట్టిలో ఉంటాడు, నేను విరుదునగర్‌లో. వాడి కొడుకు ప్లస్ వన్ చదువుతున్నాడు. హాకీ హాస్టలుకి ఎంపికయ్యాడు. పిల్లవాడికి కాలు నేల మీద నిలవడం లేదు. మా అమ్మ మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది: “ఆడేదానికి జీతం ఎవరిస్తార్రా?” ఇంటి పెద్దకొడుకుని, పైగా బ్యాంకు వాణ్ణి కదా, జవాబు చెప్పే పని నా మీద పడింది. విరుదునగర్ వాళ్ళం ధర తెలుసుకోకుండా దేన్నీ ముట్టుకోమని మన బంధువులు ఎగతాళి చేస్తుంటారు. సరే, ధర తెలుసుకుందామనే మొదలుపెట్టాను. ఆటకు జీతమిచ్చే పద్ధతి ఎక్కడ, ఎలా పుట్టిందని వెతుక్కుంటూ పోతే సిన్సినాటిలో తేలాను.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో చెబుతాను. క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ పట్టుబడడం కష్టం కాదు. వికెట్లు ఉండవు. మైదానంలో చతురస్రంగా నాలుగు గుర్తులుంటాయి, వాటినే బేస్‌లంటారు. బంతిని కొట్టినవాడు ఒక్కొక్క బేస్ తాకుకుంటూ చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికి చేరితే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు అయిపోయినట్టు. ఇలా ఒక్కొక్క జట్టుకి తొమ్మిది వంతులు. మనం చిన్నప్పుడు ఆడిన కిట్టిప్పుళ్, అదే ఆంధ్రదేశంలో బిళ్ళంగోడు అంటారే, దానికి ఇది దూరపు చుట్టమేమోనని నాకు అనిపిస్తుంది. 1869 నాటికి బంతిని 45 అడుగుల దూరం నుంచి, చెయ్యి కిందుగా ఊపి మాత్రమే విసరాలి. పట్టేవాళ్ళకు తోలు తొడుగులు లేవు. వట్టి చేతులతోనే పట్టాలి. అందుకే ఆనాటి స్కోర్లు మనకు విడ్డూరంగా కనిపిస్తాయి. ఆ ఏడాది మే 4న సిన్సినాటి జట్టు తన మొదటి ఆట గెలిచింది 45-9 తేడాతో!

అంతకు ముందు బేస్‌బాల్ పెద్దమనుషుల కాలక్షేపం. సాయంత్రం దుకాణం కట్టేసి, ఆఫీసు ముగించి ఆడుకునేవారు. డబ్బు పుచ్చుకోవడం నిషేధం. నిషేధమున్నచోట దొంగదారులు తప్పవు గదా. మంచి ఆటగాడికి పేరుకొక ఉద్యోగం చూపించి, పని చేయించకుండా జీతమిచ్చేవారు. లోపాయికారీగా వసూలులో వాటా ఇచ్చేవారు. చివరకు ఆట సంఘానికే విసుగుపుట్టి, 1869 నుంచి డబ్బు తీసుకుని ఆడేవాళ్ళను బాహాటంగా ఒప్పుకుంది. బ్లాకులో నడిచే సరుకును లెక్కల్లోకి తెచ్చినట్టన్నమాట.

ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నది సిన్సినాటి. ఒహాయో నది ఒడ్డున పందిమాంసం ఎగుమతులతో, సబ్బులతో డబ్బు చేసుకున్న వర్తకపు ఊరు అది. తూర్పున న్యూయార్క్, ఫిలడెల్ఫియా వాళ్ళకి ఆ ఊరంటే చిన్నచూపు. క్లబ్బు అధ్యక్షుడు ఏరన్ చాంపియన్ అనే యువ న్యాయవాది (ఇంటిపేరే చాంపియన్, నేను పెట్టింది కాదు) ఊరి ప్రతిష్ఠ నిలబెట్టాలనుకున్నాడు. వాటాలు అమ్మి డబ్బు కూడగట్టాడు. జట్టును హ్యారీ రైట్ చేతిలో పెట్టాడు.

ఈ హ్యారీ రైట్ నాకు బాగా నచ్చిన మనిషి. పుట్టింది 1835లో ఇంగ్లండులోని షెఫీల్డులో. తండ్రి న్యూయార్క్‌లో ఒక క్రికెట్ క్లబ్బులో జీతగాడు. కొడుకు కూడా నగల పని నేర్చి, క్రికెట్ ఆడి, 1865లో సిన్సినాటికి క్రికెట్ క్లబ్బు ఉద్యోగిగానే వచ్చాడు. జీతం ఏడాదికి 1,200 డాలర్లు. అంటే అమెరికా వాళ్ళ సొంత ఆటగా చెప్పుకునే బేస్‌బాల్‌లో మొదటి జీతాల జట్టును కట్టినవాడు ఒక క్రికెట్ ఉద్యోగి! ఆటగాడి కూలి ఎలా ఉంటుందో తండ్రి ఇంట్లోనే చూసి పెరిగినవాడు.

ఆయన పదిమందితో ఒప్పందాలు రాయించాడు. మార్చి 15 నుంచి నవంబరు 15 దాకా, ఎనిమిది నెలలకు జీతం. ఆ పట్టిక చూసి నాకు ముచ్చటేసింది. షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడే తమ్ముడు జార్జ్ రైట్‌కి 1,400. తనకి 1,200. బంతి విసిరే ఏసా బ్రెయినార్డ్‌కి 1,100. ఫ్రెడ్ వాటర్‌మన్‌కి 1,000. స్వీసీ, గూల్డ్, ఆలిసన్, లెనార్డ్, మెక్‌వీ అనే అయిదుగురికి తలకొక 800. బదులు ఆటగాడు హర్లీకి 600. మొత్తం 9,300 డాలర్లు. జట్టు నాయకుడు తనకంటే తమ్ముడికి ఎక్కువ జీతం రాసుకున్నాడంటే, అది తమ్ముడనే అభిమానం కాదు. ఆ ఏడాది 57 ఆటల్లో జార్జ్ చేసిన పరుగులు 339, కొట్టిన హోమ్‌రన్‌లు 49 అని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. ఇచ్చిన డబ్బు కిట్టింది.

ఆ పదిమంది అంతకుముందు చేసిన పనులు కూడా రికార్డయి ఉన్నాయి. స్వీసీ, లెనార్డ్ టోపీలు తయారుచేసేవారు. ఆలిసన్ చలువరాళ్ళు చెక్కేవాడు. మెక్‌వీ పియానోలు చేసే పనివాడు. బ్రెయినార్డ్, వాటర్‌మన్ బీమా వ్యాపారం. జార్జ్ లోహం మీద చెక్కుడు పనివాడు. మొదటి బేస్ దగ్గర నిలబడే పొడుగాటి చార్లీ గూల్డ్ ఒక్కడే సిన్సినాటిలో పుట్టిన బిడ్డ. అతను చేసేది జమాఖర్చుల గుమాస్తా పని. మన జాతివాడు ఒకడున్నాడని తెలిసి నాకు కలిగిన ఆనందాన్ని కామర్సు చదివినవారు అర్థం చేసుకుంటారు. మిగతా తొమ్మిదిమందీ బయటి ఊళ్ళవాళ్ళు, జీతానికి వచ్చినవాళ్ళు. అయినా ఊరు వాళ్ళందరినీ తన సొంత బిడ్డలనే అనుకుంది. మోకాళ్ళ వరకే ఉన్న లాగులు, వాటి కింద కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్రటి మేజోళ్ళు! ఆ మేజోళ్ళ వల్లనే జనం వాళ్ళను రెడ్ స్టాకింగ్స్ అన్నారు.

మే నెలాఖరున తూర్పు దేశయాత్ర మొదలైంది. ఒక విలేఖరి వెంట వెళ్ళి ప్రతి ఆట ఫలితాన్నీ తంతి ద్వారా పంపేవాడు. సిన్సినాటిలో జనం హోటలు ముందు గుమిగూడి ఆ తంతి కోసం ఎదురుచూసేవారు. మన చిన్నప్పుడు టీకొట్టు రేడియో చుట్టూ మూగినట్టే. జూన్ 15న బ్రూక్లిన్‌లో న్యూయార్క్ మ్యూచువల్స్‌తో ఆడిన ఆట ఈ యాత్రకే తలమానికం. పరుగులు వానలా కురిసే ఆ రోజుల్లో ఆ ఆట 4-2తో ముగిసింది. పడమటి పల్లెటూరి వాళ్ళని వెక్కిరించినవారి నోళ్ళు మూతపడ్డాయి. వాషింగ్టన్‌లో దేశాధ్యక్షుడు గ్రాంట్ వాళ్ళను శ్వేతసౌధంలో పలకరించాడు. జూలై 1న ఊరికి తిరిగి వస్తే ఊరంతా స్టేషనుకు కదిలివచ్చింది. ఆటగాళ్ళ పేర్లు రాసిన 27 అడుగుల బ్యాటు ఒకటి కానుకగా ఇచ్చారు. ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు! ఆ విందులోనే చాంపియన్, అమెరికా అధ్యక్ష పదవికంటే ఈ క్లబ్బు అధ్యక్ష పదవే తనకు మిన్న అన్నాడట.

అందరూ బుద్ధిమంతులేమీ కారు. బ్రెయినార్డ్ రాత్రిళ్ళు ఆలస్యంగా తిరిగేవాడు. లేని జబ్బులు ఉన్నాయని పడుకునేవాడు. ఒకసారి ఆట మధ్యలో మైదానంలోకి కుందేలు వచ్చిందని చేతిలో బంతిని దానిమీదికి విసిరాడనీ, అది తగలకపోగా ఎదుటివాళ్ళు పరుగులు తీసుకున్నారనీ ఒక కథ ఉంది. హ్యారీ రైట్ నోరు చేసుకునే రకం కాదు. సాధన చేయించడం, పెందలాడే పడుకోబెట్టడం, ఒకడు బంతి పట్టడానికి పోతే మరొకడు వెనక కాపు కాయడం, ఎవరు పట్టాలో ఒకరే కేకవేసి చెప్పడం, ఇవే ఆయన మంత్రాలు.

ఆగస్టు 26న ట్రాయ్ నగరం జట్టుతో చిక్కు వచ్చింది. స్కోరు 17-17 ఉండగా, ఒక క్యాచ్ విషయంలో అంపైరుతో తగాదా పెట్టుకుని ట్రాయ్ నాయకుడు జట్టును మైదానం నుంచి బయటకు తీసుకుపోయాడు. ఆ జట్టు మీద పెద్ద మొత్తాలు పందెం కాసినవాళ్ళున్నారు. ఆట పూర్తి కాకపోతే పందెం సొమ్ము పోదు! అంపైరు గెలుపు సిన్సినాటికే ఇచ్చాడు. అందుకే కొందరు ఆ ఏడాది 57కి 57 గెలిచారంటారు, కొందరు ఒకటి సమమైందంటారు. ఓటమి మాత్రం లేదన్నది అందరూ ఒప్పుకునే మాట.

ఆ పైన ఇంకొక సాహసం చేశారు. అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం 1869 మే 10నే పూర్తయింది. పట్టాలు పడి అయిదు నెలలైనా నిండకముందే ఈ జట్టు ఆ రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడ మొదటి ఆట 35-4తో గెలిచింది. నవంబరు మొదటివారంలో సొంత ఊళ్ళో మ్యూచువల్స్‌నే మళ్ళీ 17-8తో ఓడించి సీజను ముగించింది. మొత్తం తిరిగిన దూరం 11,877 మైళ్ళు. చూసినవాళ్ళు రెండు లక్షలమంది.

ఇక పద్దు దగ్గరికి వద్దాం. రెండు లక్షలమంది చూస్తే 29,726 డాలర్లు రావడమేమిటి? భాగిస్తే తలకి 15 సెంట్లు కూడా పడదు. టిక్కెట్టు పాతిక సెంట్ల నుంచి యాభై దాకా ఉండేది. ఎక్కడ పోయింది మిగతాది? పరాయి ఊరు వెళితే వసూలులో వాటా మాత్రమే వచ్చేది. ఇక ఖర్చు చూడండి. జీతాలు 9,300, అంటే మొత్తం ఖర్చులో మూడో వంతుకి కూడా తక్కువ. మిగిలిన రెండు వంతులకు పైగా రైలు చార్జీలు, హోటళ్ళు, మైదానం వగైరాలకే పోయింది. గెలిచినకొద్దీ పిలుపులు పెరిగాయి, పిలుపులు పెరిగినకొద్దీ ప్రయాణాలు పెరిగాయి. లాభాన్ని గెలుపులతో భాగిస్తే ఒక్కో గెలుపుకి రెండున్నర సెంట్లయినా మిగల్లేదు. ఇలాంటి ఖాతాదారు అప్పుకోసం నా దగ్గరికి వస్తే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆటోగ్రాఫు తీసుకుని, అప్పు మాత్రం ఇవ్వకుండా పంపిస్తాను. రిజర్వు అన్నది లేదు. ఒక్క ఏడాది వసూళ్ళు తగ్గితే జీతాలకు దిక్కులేదు.

జరిగింది అదే. 1870లోనూ గెలుస్తూనే వచ్చారు. జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్‌తో ఆట. తొమ్మిది వంతులయ్యేసరికి 5-5. సమంగా ముగిద్దామని అట్లాంటిక్స్ అన్నారు. చాంపియన్, హ్యారీ రైట్ ఒప్పుకోలేదు. నియమాల ప్రకారం తేలేదాకా ఆడాల్సిందే అన్నారు. పదకొండో వంతులో సిన్సినాటి రెండు పరుగులు చేసింది. అట్లాంటిక్స్ మూడు చేశారు. 8-7. ఎనభై పైచిలుకు ఆటల తరువాత మొదటి ఓటమి. సమానమని చేతులు కలుపుకుని వచ్చేస్తే పోయేది కదా అని నా తమ్ముడి కొడుకుతో అన్నాను. వాడు నా వంక జాలిగా చూశాడు. “పెదనాన్నా, వాళ్ళు ఆడడానికే కదా వెళ్ళింది” అన్నాడు. చాంపియన్ ఆ రాత్రి హోటలు గదిలో ఏడ్చాడట. ఓడినా పరువు పోలేదని ఊరికి తంతి మాత్రం పంపాడు.

ఆ ఏడాది మొత్తంలో ఓడినవి ఆరే ఆటలు. అయినా జనం రాక తగ్గింది. ఎన్నడూ ఓడని జట్టును చూడడానికి ఎగబడినవారు, అప్పుడప్పుడు ఓడే జట్టుకు టిక్కెట్టు కొనడానికి వెనకాడారు. ఆగస్టులో చాంపియన్ రాజీనామా చేశాడు. ఆటగాళ్ళు జీతాలు పెంచమన్నారు. నవంబరు 21న కొత్త అధ్యక్షుడు ఒక ప్రకటన చేశాడు: వచ్చే ఏడాది జీతగాళ్ళను పెట్టుకోము. దేశమంతా గెలిచి వచ్చిన జట్టు ఆ ఒక్క కాగితంతో ముగిసింది.

ఇక్కడ మన సంగతికి వస్తాను. మన హాకీలో ఈ తరహా జీతాల పద్ధతి చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు మనది వేరే దారి. ధ్యాన్‌చంద్ సైన్యంలో ఉద్యోగి. ఆయన తరువాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రైల్వేలోనో, పోలీసుశాఖలోనో, బ్యాంకులోనో, విమాన సంస్థలోనో ఉద్యోగస్థులు. మన ఊరి పోటీలకు వచ్చే జట్ల పేర్లు ఒకసారి చదవండి. అన్నీ ఆఫీసుల పేర్లే! మా శాఖలో ఒకప్పుడు క్రీడల కోటాలో వచ్చిన హాకీ ఆటగాడు ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నమైతే సాధనకు వెళ్ళిపోయేవాడు. కౌంటరు దగ్గర జనం సణిగేవారు. ముప్ఫై అయిదు దాటి మోకాలు సహకరించక, కర్ర మూలన పెట్టి లెడ్జరు పట్టుకున్నాడు. మేమే కూర్చోబెట్టి నేర్పాము. రిటైరయ్యేనాటికి ఆఫీసరు. ఈ రోజుకీ పింఛను తీసుకుంటున్నాడు. 1869కి ముందు అమెరికావాళ్ళు సిగ్గుపడుతూ చాటుగా చేసిన ఏర్పాటునే మనం రాజమార్గంలో, నియామకపు ఉత్తరువులతో, ప్రావిడెంటు ఫండుతో సహా చేసుకున్నామన్నమాట.

అసలైన జీతాల లీగు 2005లో వచ్చింది. పేరు ప్రీమియర్ హాకీ లీగ్. జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదు గచ్చిబౌలిలో ఆడారు. టీవీ కోసం ఆటను పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. చెన్నై వీరన్స్ అని మనకూ ఒక జట్టు ఉండేది. షేర్-ఎ-జలంధర్‌ను ఓడించి మొదటి చాంపియన్లయినది మాత్రం హైదరాబాద్ సుల్తాన్స్. తమిళనాట పుట్టిన తెలుగువాళ్ళకు ఇటువంటప్పుడు ఎవరి పక్షం వహించాలో తెలియని ఇబ్బంది ఒకటుంటుంది. మా ఇంట్లో ఆ రోజుల్లో రెండు పార్టీలు. ఆ లీగు 2008తో ఆగిపోయింది. ఆ ఏడాది మార్చిలోనే మన జట్టు చిలీలో బ్రిటన్ చేతిలో ఓడి, బీజింగ్ ఒలింపిక్సుకు అర్హత పోగొట్టుకుంది. ఏప్రిల్‌లో హాకీ సమాఖ్యనే సస్పెండు చేశారు. సుల్తాన్స్ అన్న పేరు ఈ తరం పిల్లలకు తెలియదు. 2012లో ఇంకొక లీగు వచ్చి ఒక్క సీజనుతో పోయింది. 2013లో హాకీ ఇండియా లీగ్ మొదలై, 2017 దాకా నడిచి, ఏడేళ్ళు నిద్రపోయి, 2024 డిసెంబరులో మళ్ళీ లేచింది. ఈసారి తమిళనాడు డ్రాగన్స్, హైదరాబాద్ తూఫాన్స్ ఉన్నాయి. తూఫాన్స్ 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ దాకా వెళ్ళి, బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. మా ఇంట్లో మళ్ళీ రెండు పార్టీలు!

సుల్తాన్స్ లీగు పోయినప్పుడు మన ఆటగాళ్ళలో చాలామందికి తిరిగి వెళ్ళడానికి ఒక ఆఫీసు ఉండింది. హాజరు పట్టీలో పేరుండింది. సిన్సినాటి పదిమందికి అదీ లేదు. ఒప్పందం నవంబరు 15తో సరి, ఆ పైన ఎవరి దారి వారిది. నా లెక్కకు ఆటలో కీలకం ఇదే. గెలిచిన ఏడాది జీతమెంత అన్నది అందరూ అడుగుతారు. ఆడని నెలల్లో, ఆడలేని ఏళ్ళలో ఎవరిస్తారు అన్నది మా అమ్మ లాంటివాళ్ళే అడుగుతారు.

2024 అక్టోబరు వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకు పోయాడు. మా వాడు ఆ అంకె తప్ప మరొకటి చూడలేదు. నేను అదే వేలంలో కనీస ధర రెండు లక్షల నుంచి మొదలవుతుందని చూపించాను. మారీశ్వరన్ లాంటివాడు ఊరికి ఒక్కడు తేలతాడు. వాడితో పాటు ఆడిన మిగతా వాళ్ళలో రైల్వేకో, పోలీసుకో, బ్యాంకుకో వెళ్ళినవాళ్ళు ఉంటారు, వెళ్ళలేకపోయినవాళ్ళూ ఉంటారు. అందుకని మా తమ్ముడితో పంపించమనే చెప్పాను. హాస్టలులో భోజనం, వసతి వాళ్ళదే. ప్లస్ టూ మానకూడదు, ఆ తరువాత బి.కాం. లేదా ఏదైనా డిగ్రీ చదవాలి, క్రీడల కోటా ప్రకటనలు వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టాలి. ఎక్కడ సంతకం పెట్టమన్నా ముందు ఆ కాగితం నాకు చూపించాలి. ఇవి నా షరతులు. బి.కాం. అనగానే వాడి మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం, “డిగ్రీ ఉంటే సరే” అని లోపలికి వెళ్ళిపోయింది. అది ఒప్పుకున్నట్టా కాదా అన్నది మా తమ్ముడికీ నాకూ ఇంకా తేలలేదు.

ఇంతకూ ఆ పదిమంది ఏమయ్యారో చెప్పలేదు కదూ. హ్యారీ రైట్ బోస్టన్ వెళ్ళాడు. తమ్ముణ్ణీ, గూల్డునీ, మెక్‌వీనీ, ఆ ఎర్ర మేజోళ్ళ పేరునీ కూడా తీసుకుపోయాడు. అక్కడ 1872 నుంచి 1875 వరకు వరుసగా నాలుగేళ్ళు దేశపు చాంపియన్లు. ఆయన పద్దు పుస్తకాలు ఈనాటికీ న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. గెలుపు కప్పులకంటే అవి నిలిచి ఉండడం నాకు సంతోషం. బ్రెయినార్డు, మరి నలుగురు వాషింగ్టన్ జట్టులో చేరారు. జార్జ్ రైట్ ఆట సామాను కొట్టు పెట్టి బాగా సంపాదించాడు, 1937 దాకా బతికాడు. పదిమందిలోనూ ఆటను పెట్టుబడిగా మార్చుకోవడం ఆయనకే బాగా తెలిసినట్టుంది.

1876లో నేషనల్ లీగ్ అని కొత్త లీగు పుట్టింది. సిన్సినాటి మళ్ళీ ఒక జట్టును నిలబెట్టింది. దాన్ని నడిపించే బాధ్యత ఆ ఊరి బిడ్డ, మన జమాఖర్చుల గుమాస్తా చార్లీ గూల్డ్‌కి ఇచ్చారు. ఆ సీజనులో ఆ జట్టు గెలిచినవి 9, ఓడినవి 56.